ఆర్కైవ్: పండితుల గది నుంచి పాఠకుడి చేతికి

పరిశోధనా పత్రాలను ఎవరైనా రుసుము లేకుండా చదువుకోగల సేవల్లో నేను అత్యంత గౌరవంగా చూసేది ఆర్కైవ్ (ఇంగ్లీషులో arXiv అని రాస్తారు; పేరులోని ఎక్స్ అక్షరాన్ని గ్రీకు ‘కై’గా పలకాలి). 1991లో పాల్ గిన్స్‌పార్గ్ లాస్ అలమోస్ ప్రయోగశాలలో భౌతిక శాస్త్రవేత్తల కోసం ప్రారంభించిన ఈ భాండాగారం 2001లో కార్నెల్ విశ్వవిద్యాలయానికి తరలింది. నేడు అందులో 20 లక్షలకు పైగా పత్రాలు ఉన్నాయి. గణితంలో దాదాపు శతాబ్దం పాటు తేలని సమస్యగా మిగిలిన పాయింకరే ప్రతిపాదనకు పరిష్కారం చూపిన రష్యన్ గణితవేత్త పెరెల్మాన్ పత్రాల్లో మొదటిది 2002 నవంబరులో వెలువడింది ఇక్కడే.

నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది ప్రతి పత్రం పుటలో కనిపించే సమర్పణ చరిత్ర. రచయిత సవరించిన ప్రతి పాఠమూ (వెర్షన్) తేదీతో సహా నిలిచి ఉంటుంది కనుక, మొదటి పాఠంలో ధీమాగా చెప్పిన వాక్యం రెండో పాఠంలో ఒక షరతును చేర్చుకోవడాన్ని పక్కపక్కన పెట్టి చూడవచ్చు. శాస్త్రం తన పొరపాటును తానే దిద్దుకునే తీరును సామాన్య పాఠకుడికి ఇంత దగ్గరగా చూపే సాధనం మరొకటి నాకు తారసపడలేదు.

అయితే ఇక్కడి పర్యవేక్షకులు పత్రం ఆ విభాగానికి తగినదా, పరిశోధనా పత్రంగా కనీస ప్రమాణాలకు సరితూగుతుందా అన్నది చూస్తారు. నిపుణుల సమీక్ష జరగదు. కొత్త పాఠకులు ఈ తేడాను తప్పక గుర్తుంచుకోవాలి. సారాంశాలు సాటి పరిశోధకుల కోసమే రాసినవి కావడంతో బయటివారికి కొరుకుడు పడవు. సాధారణ భాషలో నాలుగు వాక్యాల పరిచయం రాసేందుకు రచయితలకు విడిగా చోటు కల్పిస్తే ఈ సేవ ఎందరికో మరింత చేరువవుతుంది.