కొల్లేటి గట్ల మీద గ్రావెల్ సైకిల్: దారి, నేల, బస

కొల్లేరులో గ్రావెల్ సైకిల్ (తారుతో పాటు మట్టి దారుల్లోనూ వెళ్లే, వెడల్పు టైర్ల సైకిల్) తొక్కాలనుకుంటే ముందు మట్టి సంగతి తేల్చుకోవాలి. కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో పరుచుకున్న సరస్సు ఇది. ఒండ్రు, నల్లటి బంకమట్టి తప్ప ఇక్కడి నేలలో రాయన్నది లేదు. గట్ల మీద కనిపించే ఎర్ర గ్రావెల్ మెట్ట ప్రాంతం నుంచి లారీల్లో తెచ్చి పోసింది. అది పోసి తొక్కించిన గట్టు మీదకు వాన వెలిసిన మర్నాడే వెళ్లొచ్చు. పోయని గట్టును నాలుగు రోజులు ఎండ కాసినా నమ్మడానికి లేదు. పైపొర పగుళ్లిచ్చి గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడ్డాక కింద జిగురు తేలుతుంది.

ఆ జిగురులో దిగితే ఏమవుతుందో ముందే తెలిసుండటం మంచిది. పది ఇరవై గజాల్లోనే టైరు చుట్టూ మట్టి పట్టీలా చుట్టుకుని ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే కొమ్ములు) కిందా, వెనక చక్రం పక్కనా ఇరుక్కుంటుంది. చక్రం తిరగదు. అక్కడ బలంగా పెడల్ వేస్తే మట్టితో బిగుసుకున్న డీరైలర్ (గేర్లు మార్చే భాగం) వెనక్కి లాగబడి, దాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరుగుతుంది. చాలా యాత్రలు ఆగిపోయేది పంక్చర్‌తో కాదు, దీనితోనే. చక్రం బిగుస్తోందనిపించగానే దిగి, సైకిల్‌ని భుజానికెత్తుకుని, వచ్చిన దారినే వెనక్కి నడవాలి. గాలి తగ్గిస్తే పట్టు దొరుకుతుందని కొందరు అంటారు. ఇసుకలో నిజమే గాని బంకమట్టిలో టైరు వెడల్పయి ఇంకా ఎక్కువ మట్టిని ఎత్తుతుంది. మీ సైకిల్‌కి సరిపోయే హ్యాంగర్ ఒకటి, చెయిన్ లింకు ఒకటి, మట్టి గీకడానికి చిన్న చెక్కపుల్ల సంచిలో ఉండాలి.

టైర్లు 700×40 (నలభై మిల్లీమీటర్ల వెడల్పువి) సరిపోతాయి. గుబ్బలు దగ్గరదగ్గరగా, పొట్టిగా ఉన్నవి మేలు, ఎందుకంటే ఈ దారిలో తారు వాటాయే ఎక్కువ. డెబ్బై కిలోల మనిషికి ముందు 32, వెనక 35 పీఎస్ఐ గాలి ఒత్తిడి దగ్గర మొదలుపెట్టి, గతుకులను బట్టి సరిచేసుకోవచ్చు. గట్ల వెంట సర్కారు తుమ్మ విపరీతం, కొట్టి పడేసిన కంప ముళ్లు దారి మీదే ఉంటాయి. అందుకే ట్యూబ్‌లెస్ వాడాలి. ఒక్కో టైరుకు 60 నుంచి 80 మిల్లీలీటర్ల సీలెంట్ (చిల్లుల్ని తనే పూడ్చే ద్రవం) పోసి బయలుదేరాలి. ఎప్పుడో పోసింది మన ఎండలకు రెండు మూడు నెలల్లో గడ్డకట్టి ఉంటుంది కాబట్టి విప్పి చూసుకోండి. ఊళ్లలో పంక్చర్ షాపులు ఉన్నాయి గాని అక్కడ 700×40 ట్యూబు గాని, ప్రెస్టా అనే సన్నటి వాల్వుకు పట్టే పంపు గాని ఆశించొద్దు. రెండు ట్యూబులు, వాల్వుకు బిగించే ఇత్తడి అడాప్టర్ దగ్గరుంటే పెట్రోలు బంకులో కూడా గాలి పట్టించుకోవచ్చు.

దారుల్లో మొదటిసారి వచ్చేవారికి మేం సూచించేది ఏలూరు–కైకలూరు రోడ్డు. సరస్సును అడ్డంగా దాటే ఈ రోడ్డు ముప్పై కిలోమీటర్ల లోపే. రెండువైపులా కిక్కిస, గుర్రపుడెక్క, మధ్యలో ఎడ్లగాడి వంతెనలు. కైకలూరు నుంచి ఆటపాక పక్షుల కేంద్రం రెండు మూడు కిలోమీటర్లు, కొల్లేటికోట పెద్దింట్లమ్మ గుడి దాకా వెళ్లి తిరిగొస్తే మొత్తం ఎనభైకి అటూఇటూ అవుతుంది. ఎక్కడం, దిగడం లేని దారి గనక దూరం తేలికనిపిస్తుంది. అలసట తెచ్చేవి ఎదురుగాలి, నీడ లేకపోవడం. శీతాకాలంలో పొద్దున ఎక్కువగా ఉత్తరపు గాలి, మధ్యాహ్నం దాటాక సముద్రం వైపు నుంచి గాలి వీస్తుంది. ఏలూరు నుంచి దక్షిణానికి పొద్దున బయలుదేరి మధ్యాహ్నం తిరిగొస్తే రెండుసార్లూ గాలి వీపు మీదే ఉంటుంది. కైకలూరులో మొదలుపెట్టినవారికి ఇది తిరగబడుతుంది.

వచ్చే కాలం నవంబరు చివర నుంచి ఫిబ్రవరి. డిసెంబరు, జనవరి తెల్లవారుజామున మంచు దట్టంగా కమ్ముతుంది. చేపల పట్టుబడి లారీలు తిరిగేది కూడా అప్పుడే. ముందూ వెనకా లైట్లు వెలిగించుకోవడం తప్పనిసరి, ఏడు దాటాక బయలుదేరడం ఇంకా మేలు. లారీల నుంచి ఐసు నీళ్లు కారి వంపుల్లో తారు జారుడుగా ఉంటుంది, అక్కడ బ్రేకు ముందుగానే వేసి వంపులో వదిలేయాలి.

ఆకాశం తేటగా ఉందని మాత్రం రోడ్డు తెరిచి ఉందనుకోకూడదు. బుడమేరు, తమ్మిలేరు వాగులు ఎగువన పొంగితే ఆ నీరు కొల్లేరు చేరడానికి సమయం పడుతుంది. చేరాక సముద్రంలోకి పోవడానికి ఉన్న దారి ఉప్పుటేరు ఒక్కటే, అందులోంచి లాగడం నెమ్మది. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచాక, అక్కడ వాన తగ్గిన తర్వాత ఇక్కడ ఎడ్లగాడి దగ్గర రోడ్డు మీద నీళ్లు పారాయి. బయలుదేరే ముందు రోజు కైకలూరు ఆటోవాళ్లను అడిగితే సరైన సమాచారం దొరుకుతుంది.

గట్ల విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. కొల్లేరును 1999లో అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో రామ్‌సర్ అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాలో చేరింది. ప్లస్ ఐదు కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత) లోపల అటవీశాఖ నిబంధనలు వర్తిస్తాయి. బయట చెరువు గట్లు చాలావరకు రైతులవి. మ్యాపులో గీత కనిపించినంత మాత్రాన అది దారి కాదు. గేటుంటే కాపలా మనిషిని పిలిచి, అడిగి వెళ్లాలి. "అన్నా, ఈ గట్టు అవతలి రోడ్డుకి కలుస్తుందా?" అని అడిగితే కలవని గట్టు మీద ఐదు కిలోమీటర్లు వెళ్లి వెనక్కి రావడమూ తప్పుతుంది. కాపలా కుక్కలు వెంటపడితే దిగి సైకిల్‌ని మధ్యలో పెట్టుకుని నడవడమే మార్గం. ఊరి రోడ్లు వదిలి లోపలికి వెళ్లాలంటే కైకలూరు అటవీ రేంజి కార్యాలయంలో ముందుగా అనుమతి అడగాలి.

ఆటపాకలో సైకిల్ బయటే పెట్టి, టికెట్ తీసుకుని నడిచి చూడాలి. తాళం తెచ్చుకోండి. చెరువులో చెట్లు చాలక అటవీశాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు (పెలికాన్లు) పక్కపక్కనే గూళ్లు కట్టుకుంటాయి. పిల్లలకు మేత పెట్టే తల్లి నోరు తెరిస్తే పిల్ల తల మొత్తం ముక్కు కింది సంచిలో దూరిపోవడం గట్టు మీద నుంచే కనిపిస్తుంది. పడవ షికారు ఉంది గాని మా సలహా గట్టే. పడవ దగ్గరకు పోయేకొద్దీ పెద్ద పక్షులు లేచిపోతాయి, ఎండలో గూళ్లలో పిల్లలు ఒంటరిగా మిగులుతాయి.

బసకు ఏలూరుదే మొదటి స్థానం. రైళ్లు ఎక్కువ, అన్ని ధరల్లో గదులూ ఉన్నాయి, కింద అంతస్తు అడిగితే సైకిల్‌ని గదిలో పెట్టనిచ్చేవారు దొరుకుతారు. కైకలూరు ఆటపాకకు దగ్గర, పొద్దున్నే పక్షుల కోసమే వచ్చేవారికి అదే మంచిది, అయితే లాడ్జీలు తక్కువ, మామూలువి. ఆకివీడు మీదుగా ముందుకెళ్లేవారు భీమవరంలో ఆగొచ్చు. తిండికి కైకలూరులో లోటు లేదు. అది దాటాక మాత్రం నీళ్లు ఎక్కడబడితే అక్కడ దొరుకుతాయనుకోవద్దు. మనిషికి రెండు లీటర్లు నింపుకునే లోపలికి వెళ్లాలి, చెరువుల నీరు తాగడానికి పనికిరాదు.

రైల్లో తెచ్చేవారు సైకిల్‌ని లగేజీగా బ్రేక్‌వ్యానులో (సామాను పెట్టెలో) బుక్ చేయాలి. ఏలూరులో రైలు ఆగేది కాసేపే. ఎక్కే స్టేషన్లోనే సైకిల్ ఎక్కిందో లేదో చూసుకుని, దిగగానే వ్యాను వైపు పరుగెత్తాలి. డీరైలర్ విప్పి గుడ్డలో చుట్టి ఫ్రేముకు కట్టేస్తే బస్తాల కింద నలగదు.