ట్యూనా మెల్ట్: పెనం మీదా, ఓవెన్‌లోనా?

ట్యూనా మెల్ట్ అంటే ట్యూనా చేప, కరిగిన చీజ్ ఉండే వేడి శాండ్‌విచ్. అమెరికా డైనర్లలో (చిన్న హోటళ్లలో) ఇది రెండు రకాలుగా దొరుకుతుంది: రెండు బ్రెడ్ ముక్కల మధ్య పెట్టి పెనం మీద కాల్చింది ఒకటి, ఒకే ముక్క మీద పరిచి ఓవెన్ పైసెగ కింద కరిగించింది ఇంకొకటి. లోపలి కూరు ఒకటే: డబ్బా ట్యూనా, మయొనైజ్, సన్నగా తరిగిన ఉల్లి, సెలరీ కాడలు, కాస్త నిమ్మరసం. ట్యూనా నీళ్లు మాత్రం గట్టిగా పిండాలి. ఇక్కడ బద్ధకిస్తే ఏ పద్ధతిలోనైనా బ్రెడ్ నానిపోతుంది.

ఖర్చు: పెనానికి వెన్న ఎక్కువ, ఓవెన్‌కి కరెంటు ఎక్కువ.

శ్రమ: పెనం దగ్గర నిలబడాలి, ఒక్కో వైపు సుమారు 4 నిమిషాలు. ఓవెన్‌లో అరడజను ఒకేసారి అయిపోతాయి.

రిస్క్: పెనం కింద మంట పెంచితే బ్రెడ్ మాడుతుంది, చెడ్డార్ చీజ్ కరగదు. సన్న సెగ మీద మూత పెట్టండి. ట్యూనాకి పైనా కిందా చీజ్ వేస్తే జిగురులా పట్టుకుంటుంది, తిప్పేటప్పుడు విడిపోదు. ఓవెన్‌లోనైతే బ్రెడ్ ముందే టోస్ట్ చేయాలి. చీజ్ బుడగలు రాగానే తీసేయాలి, అర నిమిషం ఆగినా నల్లబడుతుంది.

ఒకరిద్దరికైతే, కరకరలాడే అంచులు ఇష్టమైతే, పెనమే. నా ఓటూ దానికే. ఇంటికి నలుగురు వచ్చి అందరికీ వేడిగా పెట్టాలంటే ఓవెన్.