ఫాంట్‌ని ప్రోగ్రామ్‌లోనే పెట్టాలంటే ఏ పద్ధతి మేలు?

ఒక చిన్న ప్రోగ్రామ్ రాశాను. తెలుగు ఫాంట్ లేని కంప్యూటర్‌లోనూ అక్షరాలు సరిగ్గా కనిపించాలి, అదీ ఒక్క ఫైల్ కాపీ చేసుకుంటే చాలన్నట్టు ఉండాలి. అంటే ఫాంట్ ప్రోగ్రామ్ కడుపులోనే ఉండాలన్నమాట. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటి మీదా చేసి చూశాక, డేటాని కంపైల్ చేసేటప్పుడే (అంటే రాసిన కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేటప్పుడే) కలిపేయడం మేలని గట్టిగా చెప్పగలను.

మొదట అన్నిటికన్నా సులువైన దారి పట్టాను. తయారైన ఎక్జిక్యూటబుల్ (నేరుగా నడిచే ప్రోగ్రామ్ ఫైల్) చివర ఫాంట్ ఫైల్‌ని అంటించేశాను. లినక్స్ అయినా విండోస్ అయినా ఫైల్ మొదట్లో ఉండే హెడర్‌లో రాసి ఉన్నంతవరకే లోడ్ చేస్తాయి, వెనక తోక ఉన్నా పట్టించుకోవు. జిప్ ఫైల్ విషయసూచిక చివర్లోనే ఉంటుంది కాబట్టి తనంతట తాను విప్పుకునే జిప్‌లు కూడా ఇలాగే పనిచేస్తాయి. నా దగ్గర అంతా బాగుంది. పంపే ముందు సైజు తగ్గుతుంది కదా అని లినక్స్‌లో, నడవడానికి అక్కర్లేని సమాచారాన్ని తీసేసే ‘స్ట్రిప్’ కమాండ్ నడిపాను. అది ఫైల్‌ని కొత్తగా రాసేటప్పుడు హెడర్లలో నమోదైన భాగాలనే ఉంచుతుంది. తోక ఊడిపోయింది. ఒక్క ఎర్రర్ కూడా రాలేదు. అవతలివాళ్ల స్క్రీన్ మీద మాత్రం తెలుగంతా డబ్బాలు డబ్బాలు. మ్యాక్‌లోనైతే ఇంత దూరం కూడా రాదు, తోక ఉన్న ఫైల్‌కి డిజిటల్ సంతకం చేయబోతే, ఆ పని చేసే ‘కోడ్‌సైన్’ ఒప్పుకోదు.

విండోస్‌ని ఇక్కడ మెచ్చుకోవాలి. విండోస్ ప్రోగ్రామ్ ఫైళ్ల పద్ధతైన పీఈలో రిసోర్సులకంటూ ఒక విభాగమే ఉంది. ఐకాన్, వెర్షన్ వివరాలు, మనం పెట్టే డేటా, అన్నీ అందులో చెట్టులా అమరుతాయి: రకం, దాని కింద పేరు, దాని కింద భాష. తెలుగు భాష నంబరు 1098. ఇంగ్లిష్ మాటలూ తెలుగు మాటలూ ఒకే పేరుతో పక్కపక్కనే పెట్టొచ్చు, ఏది చూపాలో విండోసే యూజర్ భాషను బట్టి ఎంచుకుంటుంది. మళ్లీ కంపైల్ చేయకుండానే రిసోర్స్ మార్చొచ్చు కూడా. కానీ ఇదంతా విండోస్ గడప దాటదు.

మ్యాక్‌లో యాప్ అంటే నిజానికి ఒక ఫోల్డర్, ఫాంట్ అందులోని రిసోర్సెస్‌లో కూర్చుంటుంది. ఒకే ఫైల్ కావాలంటే లింకర్‌తో (కంపైలైన ముక్కలను ఒక్క ప్రోగ్రామ్‌గా కలిపేది) కొత్త సెక్షన్ సృష్టించుకోవాలి. లినక్స్ ప్రోగ్రామ్ ఫైళ్ల పద్ధతైన ఈఎల్ఎఫ్‌లో రిసోర్సులనే ఏర్పాటే లేదు. అక్కడి లింకర్ ‘ఎల్‌డీ’కి ఫైల్ ఇస్తే ఆబ్జెక్ట్‌గా (ప్రోగ్రామ్‌లో కలపదగ్గ ముక్కగా) మార్చి, డేటా మొదలు, చివర తెలిపే సింబల్స్ (పేర్లు) ఇస్తుంది. అయితే డేటా రాయడానికి వీలైన భాగంలో పడుతుంది. స్టాక్ (ప్రోగ్రామ్ నడిచేటప్పుడు తాత్కాలిక డేటా ఉంచుకునే మెమరీ) గురించిన గుర్తు ఆ ఆబ్జెక్ట్‌లో లేకపోవడంతో, స్టాక్‌లో కోడ్ నడిచేలా ప్రోగ్రామ్ తయారయ్యే ప్రమాదమూ ఉంది. దీని గురించి లింకర్ ఇచ్చే వార్నింగ్‌ని తేలిగ్గా తీసుకోవద్దు.

ఇక మిగిలింది బైట్ల అరే, అంటే ఫాంట్‌లోని బైట్లను వరసగా కోడ్‌లోనే పెట్టుకోవడం. పాత పద్ధతిలో ‘ఎక్స్ఎక్స్‌డీ’ అనే టూల్‌తో ఫైల్‌ని సీ భాష కోడ్‌గా మార్చుకుంటాం. ఒక్కో బైట్‌కి ఆరు అక్షరాలు, 200 కేబీ ఫాంట్ 1.2 ఎంబీకి పైగా ఉబ్బుతుంది, కంపైలర్ నత్తనడక నడుస్తుంది. ఉబ్బేది సోర్స్ మాత్రమే, ప్రోగ్రామ్‌లో అదే 200 కేబీ. సీ భాష కొత్త ప్రమాణమైన సీ23లో వచ్చిన ‘ఎంబెడ్’, ఫైల్‌ని నేరుగా కలిపేసి ఈ బాధ తీర్చింది. జీసీసీ 15, క్లాంగ్ 19 కంపైలర్ల నుంచి ఉంది. గో భాషలో ఇలాంటిదే 1.16 వెర్షన్‌తో 2021లోనే వచ్చింది. మూడు ఓఎస్‌లకీ ఒకటే కోడ్, స్ట్రిప్ చేసినా చెక్కుచెదరదు, సంతకానికీ అడ్డు రాదు.

విండోస్‌లో ఐకాన్‌నీ వెర్షన్‌నీ మాత్రం రిసోర్సుగానే ఉంచండి, ఎక్స్‌ప్లోరర్ వాటిని అక్కడే వెతుకుతుంది. అనువాదాలు దిద్దేవాళ్లు ప్రోగ్రామర్లు కాకపోతే ఆ ఫైళ్లను అసలు లోపల పెట్టనే వద్దు. ఒక్క ఒత్తు సరిచేయడానికి వాళ్లు కంపైలర్ ఇన్‌స్టాల్ చేసుకునే పరిస్థితి రాకూడదు.