సర్క్యులర్ జర్నీ టికెట్: తీరిక ఉన్నవారికి చవక, తొందర ఉన్నవారికి తలనొప్పి

చేతిలో డబ్బు తక్కువగా, తీరిక కాస్త ఎక్కువగా ఉండి, ఒంటరిగా దేశాన్ని చుట్టి రావాలనుకునేవారికి భారతీయ రైల్వే కల్పించే సౌకర్యాల్లో సర్క్యులర్ జర్నీ టికెట్‌ను మించినది లేదని నా అభిప్రాయం. ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటులో రోజూ టికెట్లు తీసుకునేవారిలో కూడా చాలామందికి ఇలాంటిది ఒకటుందని తెలియదు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి చేరేలా మార్గం వేసుకుంటే, దారిలో గరిష్ఠంగా ఎనిమిది చోట్ల దిగి, చూడవలసినవి చూసుకుని, మళ్లీ రైలెక్కవచ్చు. ఉదాహరణకు విజయవాడలో ఎక్కి కన్యాకుమారి, మడ్‌గావ్, ముంబై, ఢిల్లీ, వారణాసి, హౌరా మీదుగా విజయవాడకే తిరిగి రావడానికి ఒకే టికెట్ సరిపోతుంది.

ఆదా ఎక్కడ వస్తుందంటే, రైలు చార్జీ టెలిస్కోపిక్ పద్ధతిలో ఉంటుంది. అంటే దూరం పెరిగే కొద్దీ కిలోమీటరుకు పడే ధర తగ్గుతూ పోతుంది. ఊరూరికీ విడివిడిగా టికెట్ తీసుకుంటే ప్రతిసారీ లెక్క మొదటి నుంచి, అంటే ఎక్కువ ధర నుంచి మొదలవుతుంది. ఈ టికెట్‌లో మాత్రం మొత్తం దూరాన్ని రెండు సమాన భాగాలు చేసి, రెండు సింగిల్ ప్రయాణాలుగా చార్జీ కడతారు. ఆరు వేల కిలోమీటర్ల ప్రయాణమైతే మూడు వేల కిలోమీటర్ల టికెట్లు రెండింటికి అయ్యేంతే అవుతుంది. రిజర్వేషన్ చార్జీ, సూపర్‌ఫాస్ట్ రైలైతే దాని అదనపు రుసుము మాత్రం ప్రతి మజిలీకీ వేరుగా కట్టాలి. స్లీపర్ తరగతిలో ఇవి 20, 30 రూపాయలే కనుక భారమనిపించదు.

గడువు విషయంలో రైల్వే ఉదారంగానే ఉంది. ప్రయాణానికి 400 కిలోమీటర్లకు ఒక రోజు, దారిలో దిగి ఆగడానికి 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున లెక్కిస్తారు కాబట్టి, ఆ ఆరు వేల కిలోమీటర్లకు 15, 30 కలిపి 45 రోజులు దొరుకుతాయి.

ఇక చిక్కులు. ఏ రోజు ఏ మార్గంలో ఎక్కడికి వెళ్తారో రాసుకుని డివిజనల్ కమర్షియల్ మేనేజర్‌ను గాని, కొన్ని పెద్ద స్టేషన్లలోనైతే స్టేషన్ మేనేజర్‌ను గాని కలవాలి. వారు చార్జీ లెక్కగట్టి ఇచ్చే పత్రాన్ని బుకింగ్ ఆఫీసులో చూపి టికెట్ కొనుక్కుని, ఆపైన రిజర్వేషన్ కౌంటర్లో ఒక్కో మజిలీకి బెర్తు చేయించుకోవాలి. టికెట్ చేతికొచ్చినంత మాత్రాన బెర్తు వచ్చినట్టు కాదన్నది ఇక్కడ అన్నిటికంటే ముఖ్యమైన సంగతి. 2024 నవంబరు 1 నుంచి ముందస్తు రిజర్వేషన్ గడువు 120 రోజుల నుంచి 60 రోజులకు తగ్గింది. 45 రోజుల యాత్రలో చివరి మజిలీకి బుకింగ్ తెరుచుకునే సరికి, బయలుదేరడానికి రెండు వారాలే మిగులుతాయి. అన్నీ ఒకేసారి చేయించుకుందామని అప్పటిదాకా ఆగితే మొదటి మజిలీల బెర్తులు వెయిటింగ్ లిస్టులోకి పోయి ఉంటాయి. అందువల్ల గడువంతా వాడుకోవాలనే ఆశ మానుకుని, నెల లోపే ముగిసేలా యాత్ర వేసుకోవడం మేలు. పండుగలు, వేసవి సెలవులు అయితే ఈ టికెట్ జోలికి పోకపోవడమే మంచిది.

ఒంటరివారికి బెర్తు ఎంపిక చిన్న విషయం కాదు. మిడిల్ బెర్తు రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకే వాల్చుకునే హక్కు ఉంటుంది. అప్పర్ బెర్తుకు ఆ బాధ లేదు, పట్టపగలు కూడా సంచి తలకింద పెట్టుకుని నడుం వాల్చవచ్చు. కిటికీ అందదు, చార్జింగ్ ప్లగ్గు తరచూ కిందే ఉంటుంది కాబట్టి ఫోను ఎవరి కాళ్ల దగ్గరో వదిలి పైకెక్కవలసి వస్తుంది. పవర్ బ్యాంకు ఉంటే ఆ చింత ఉండదు. పెద్ద సంచిని లోయర్ బెర్తు కింది రింగుకు గొలుసుతో కట్టుకోవాలి. దూరప్రాంత మెయిల్, ఎక్స్‌ప్రెస్ రైళ్ల స్లీపర్ తరగతిలో వయసుతో నిమిత్తం లేకుండా ఒంటరి మహిళలకు కూడా వర్తించే ఆరు బెర్తుల కోటా ఉంది.

బస ఖర్చు తగ్గించుకోవాలంటే పెద్ద స్టేషన్లలో రిటైరింగ్ రూములు, డార్మిటరీలు ఉన్నాయి. కన్ఫర్మ్ అయిన లేదా ఆర్‌ఏసీ టికెట్ పీఎన్ఆర్ నంబరుతో బుక్ చేసుకోవాలి కనుక, బెర్తు గాని ఆర్‌ఏసీ గాని దొరికిన మజిలీలకే అవి అక్కరకు వస్తాయి. పగలంతా తిరిగి రాత్రికి మళ్లీ రైలెక్కేవారికి క్లోక్ రూము చాలు. తాళం వేయని సంచిని మాత్రం అక్కడ తీసుకోరు.

తిరిగి బయలుదేరిన చోటికే రావాలనే నియమం కొందరికి నచ్చకపోవచ్చు. ఒకవైపు మాత్రమే వెళ్లేవారు మామూలు టికెట్‌తోనే, 500 కిలోమీటర్లు దాటాక ఒకచోట, మొత్తం దూరం వెయ్యి కిలోమీటర్లు మించితే రెండు చోట్ల, రెండేసి రోజులు ఆగవచ్చు. వారికి ఇంత తతంగం అవసరం లేదు.