పద్మిని తుప్పు పనికి ఎనిమిదేళ్ళు: ఏది నిలిచింది, ఏది ఊడింది

మా ఇంట్లో ఉన్నది 1982 ప్రీమియర్ పద్మిని కారు. పద్మిని అన్న పేరు 1974లోనే వచ్చినా నాన్నగారు చివరి దాకా దాన్ని ఫియట్ అనే పిలిచారు, మేమూ అంతే. ఇల్లు లాసన్స్ బే కాలనీలో, సముద్రం నడిచి వెళ్ళేంత దూరం. వైజాగ్‌లో బీచ్ దగ్గర ఉండేవాళ్ళకి నేను కొత్తగా చెప్పక్కర్లేదు, కిటికీ ఊచలు, గేటు బందులు, ఏసీ బయటి యూనిట్, ఏదీ నాలుగేళ్ళు శుభ్రంగా ఉండదు. గాల్లో ఉప్పు ఉంటుంది, ఆ ఉప్పు తేమని లాక్కుని రేకుకి అంటిపెట్టుకుని కూర్చుంటుంది, ఇక ఎండాకాలం కూడా తుప్పు ఆగదు. ఈ కారు మీద తుప్పు పని మూడు సార్లు చేయించాను, మూడు రకాలుగా. ఇప్పుడు ఏది ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పగలిగేంత కాలం గడిచింది కాబట్టి రాస్తున్నాను.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు పెరట్లో మామిడి కొమ్మ విరిగి డిక్కీ మీద పడింది. వెనక అద్దం పోయింది, వాన నీళ్ళు సీట్ల కింద నిలిచాయి. ఊరంతా కరెంటు లేదు, తాగే నీళ్ళకే తిరుగుతున్నాం, కారు ఎవరికి గుర్తుంటుంది. ఒక టార్పాలిన్ కప్పి దాదాపు నెల వదిలేశాం. ఆ టార్పాలినే ఎక్కువ నష్టం చేసింది అనిపిస్తుంది నాకు. వాన పడకుండా ఆపింది నిజమే, కానీ లోపలి తడిని బయటికి పోనివ్వలేదు. సంక్రాంతి దాటేసరికి డోర్ల కింద పెయింటు బుడగలు లేచింది, గోరుతో నొక్కితే పెచ్చు ఊడి కింద ఎర్రటి పొడి. ఇనుము తుప్పుగా మారితే ముందున్న చోటు సరిపోదు, ఉబ్బుతుంది, అందుకే పెయింటు పైకి లేస్తుంది. అంటే బుడగ కనిపించే నాటికి లోపల పని చాలా దూరం వెళ్ళిపోయి ఉంటుంది.

2015లో మొదటి పని. ఒక గ్యారేజీలో ఇచ్చాను, పేరు అవసరం లేదు. వారంలో కారు తిరిగొచ్చింది, 22 వేలు తీసుకున్నారు, చూస్తే అద్దంలా ఉంది. నాన్నగారు చుట్టూ రెండు సార్లు తిరిగి చూసుకుని చాలా సంతోషించారు. రెండో వానాకాలానికి అవే చోట్ల అవే బుడగలు, ఈసారి ఇంకా పెద్దవి. చిన్న అయస్కాంతానికి గుడ్డ చుట్టి పెట్టి చూశాను. డోర్ల మధ్యలో పట్టుకుంటోంది, డోర్ల కింద జారిపోతోంది. అక్కడ రేకు లేదు, ఫైబర్ మ్యాట్ అతికించి పైన వేలు మందాన లప్పం పెట్టారు. లప్పం నీళ్ళని పీల్చుకుంటుంది, దాని కింద తుప్పు అలాగే ఉంటే తడి గుడ్డ కట్టినట్టే. ఇంకో పని చేశారు, అది నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది: డోర్ల అడుగున నీళ్ళు కారిపోవడానికి కంపెనీవాళ్ళు పెట్టిన కన్నాలన్నీ నల్లటి అండర్ కోటింగ్‌తో పూడ్చేశారు. అద్దం పక్క నుంచి డోర్‌లోకి దిగిన నీళ్ళకి ఇక దారి లేదు. పాత కారు పెయింట్ చేయించి తెచ్చుకున్న వాళ్ళు ఇంకేమీ చూడకపోయినా ఫర్వాలేదు, డోర్ల కింద ఆ కన్నాలు తెరిచి ఉన్నాయో లేదో ఒక్కసారి వంగి చూడండి.

2017లో గాజువాక ఆటోనగర్‌లో ఒక టింకరింగ్ మేస్త్రి దొరికాడు. అరవై దాటిన మనిషి. కారు చూసి ఏమీ మాట్లాడలేదు, స్క్రూడ్రైవర్ పిడితో డోర్ల కింద వరసగా కొట్టుకుంటూ వెళ్ళాడు. టంగ్ టంగ్ మంటోంది, ఒక చోట దబ్ మంది. అక్కడ స్క్రూడ్రైవర్ తిప్పి మొనతో నెట్టాడు, పిడి దాకా దిగిపోయింది. "బాబూ, పైన ఎంత సోకు చేసినా నాబం నేదు, లోపల ఇప్పాల" అన్నాడు. ఆయన చూపించింది డోర్ల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా పొడుగ్గా ఉండే భాగం. సిల్ అంటారు, ఆయన ఫుట్‌బోర్డు అంటాడు. ఈ బండి ఒళ్ళంతా దాని మీదే ఆధారపడి ఉంటుంది. ఫియట్ 1100 బాడీ 1953 నుంచీ ఇంతే, కింద వేరే ఛాసిస్ ఉండదు, రేకుల పెట్టెలే ఎముకలు. అది కుళ్ళితే అందం సంగతి తర్వాత, జాకీ పెడితే కారు మధ్యలో వంగుతుంది, డోర్ పడదు.

అప్పుడు నా దగ్గర రెండు పక్కలకీ డబ్బు లేదు. కుడి పక్క పూర్తిగా కోసి కొత్త రేకు వేయించాను, 38 వేలు అయింది. ఎడమ పక్క మాత్రం కుళ్ళిన చోట పైనుంచి ప్యాచ్ వేసి రివెట్లు కొట్టి లప్పంతో సరిపెట్టమన్నాను, ఆయన వద్దన్నా వినలేదు. కాబట్టి ఇదే ఊరు, ఇదే కారు, ఇదే గాలి, ఒకే నెలలో రెండు పక్కలకీ రెండు రకాల పని. ఇంతకంటే మంచి పోలిక నేను కావాలని చేయించినా దొరికేది కాదు.

కుడి సిల్ కోసిన రోజు పక్కనే ఉన్నాను. గ్రైండర్ ఆగాక బయటి రేకు వంచి లాగితే లోపల నుంచి తడి మట్టి, ఇసుక, మామిడాకుల పొడి, ఒక పది పైసల బిళ్ళ రాలాయి. తర్వాత తుప్పు. పొడిగా కాదు, కాజా పొరల్లా, ఒక్కో పొర చేత్తో విరిచి తీయొచ్చు. బయట పెయింటు బాగానే ఉన్న చోట కూడా వెనక వైపు సగం మందం తినేసింది. తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుందని వినడం వేరు, ఆ రేకు ముక్కని చేత్తో పట్టుకోవడం వేరు. ఒక ముక్క ఇంకా దాచుకున్నాను.

కోసే ముందు ఆయన చేసిన పని చాలామంది చేయరు. నాలుగు చోట్లా కారుని సమంగా స్టాండ్ల మీద నిలబెట్టి, డోర్ తీసేసిన ఖాళీలో అడ్డంగా ఒక ఇనుప యాంగిల్‌ని తాత్కాలికంగా రెండు వెల్డింగ్ చుక్కలతో నిలబెట్టాడు. అది లేకుండా సిల్ కోస్తే బాడీ కాస్త కుంగుతుంది, కొత్త రేకు ఆ వంకరలోనే అతుక్కుంటుంది, తర్వాత డోర్ ఎన్నాళ్ళు సర్దినా లాక్ పడదు. బ్యాటరీ విప్పి పక్కన పెట్టించాడు, పెట్రోల్ ట్యాంక్ దింపించాడు. నేను జీఐ రేకు, అంటే జింకు పూత ఉన్న రేకు వేద్దాం, తుప్పు పట్టదు కదా అన్నాను. అతుకు దగ్గర జింకు గీకకుండా వెల్డింగ్ పెడితే వచ్చే పొగ పీల్చి ఒకసారి రాత్రంతా జ్వరంతో వణికిపోయానని చెప్పి ఒప్పుకోలేదు. 20 గేజ్ మందం ఉన్న, జింకు పూత లేని మామూలు సీఆర్ రేకే వాడాం.

వెల్డింగ్ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, డబ్బు పోయేదీ నిలిచేదీ ఇక్కడే. గ్యాస్ వెల్డింగ్‌కి వేడి చుట్టూ పాకుతుంది, పల్చటి రేకు అప్పడంలా అలలు తేలుతుంది, దాన్ని మళ్ళీ లప్పంతోనే కప్పాలి. ఆయన సీఓటూ వెల్డింగ్‌తో, అంటే మంట కాకుండా కరెంటుతో తీగ కరిగించే వెల్డింగ్‌తో, ఇక్కడొక చుక్క, జానెడు అవతల ఒక చుక్క, మళ్ళీ వెనక్కి వచ్చి మధ్యలో ఒకటి, అలా చేయి పెడితే కాలనంత చల్లగా ఉంచుకుంటూ రెండు రోజులు చేశాడు. పాత రేకు మంచిగా ఉన్న చోటు దాకా కోయడం కూడా ముఖ్యం. నేను ఇంత కోయాలా అని అడిగాను, తుప్పు తిన్న అంచుకి వెల్డింగ్ తగిలిస్తే కాగితంలా కాలి కన్నం పడుతుందని చేసి చూపించాడు.

తర్వాత బయటా లోపలా ఎపాక్సీ ప్రైమర్, రెండు డబ్బాలు కలిపి కొట్టేది. మామూలు ప్రైమర్ తడిని ఆపదు, ఇది ఆపుతుంది. అతుకుల మీద సీలెంట్, అది ఆరాక పెయింటు, చివరగా సిల్ లోపలికి పొడుగు గొట్టంతో క్యావిటీ వ్యాక్స్, లోపలి ఖాళీల్లో తుప్పు పట్టకుండా కొట్టే మైనం. ఆ వ్యాక్స్ డబ్బాలు హైదరాబాదు నుంచి తెప్పించాను. 2020లో ఒకసారి, 2023లో ఒకసారి మళ్ళీ కొట్టించాను. నా లెక్కలో ఈ మొత్తం పనిలో పెట్టిన డబ్బుకి ఎక్కువ ఫలితం ఇచ్చింది ఇదే.

ఎడమ పక్క సంగతి. 2018 వానలకి రివెట్ల చుట్టూ గోధుమ రంగు గీతలు, 2019కి ప్యాచ్ అంచు లేచింది, 2021లో డోర్ కిందకి జారి లాక్ పడటం మానేసింది. పాత రేకు మీద కొత్త రేకు వేస్తే రెండింటి మధ్యా నీళ్ళు చేరి ఎప్పటికీ ఆరవు, ప్యాచ్ లేకపోయినా అంత తొందరగా కుళ్ళేది కాదేమో. అదే మేస్త్రి చేత కోయించాను, అప్పటికి లోపలి రేకూ నేల రేకూ కూడా పోయాయి, 52 వేలు అయింది. 2017లో అప్పు చేసైనా రెండు పక్కలా ఒకేసారి చేయించాల్సింది. ఆ నాలుగేళ్ళ ఆలస్యానికి పోయింది డబ్బొక్కటే కాదు, నాన్నగారు కూర్చునే పక్క డోర్‌ని తాడుతో కట్టి ఆయన్ని కేజీహెచ్ ఆసుపత్రికి తీసుకెళ్ళిన రోజు నేను మర్చిపోలేను.

రస్ట్ కన్వర్టర్ గురించి చాలామంది అడుగుతారు. పూస్తే ఎర్రటి తుప్పు నల్లగా మారే ద్రవం. డిక్కీ నేల మీద పైపై తుప్పే ఉంది, వైర్ బ్రష్‌తో బాగా గీకి, పూసి, ఆరాక ఎపాక్సీ కొట్టాను, సొంతంగా చేసిన పనే. ఎనిమిదేళ్ళయినా అలాగే ఉంది. అదే మందుని ఎడమ ముందు మడ్‌గార్డ్ కింద పెచ్చులు కట్టిన తుప్పు మీద పూస్తే ఏడాది తిరగకుండా ఊడింది. పై పొరకే అంటుతుంది, కింద పొర తన పని తాను చేసుకుపోతుంది. పూసి పెయింటు లేకుండా వదిలేయడం కూడా మన ఊరి గాలికి పనికిరాదు. పాత డ్రైవర్లు చెప్పే వాడి తీసేసిన ఇంజన్ ఆయిల్ కూడా ఒక వేసవి కొట్టి చూశాను. ఎండకి కారి పోర్టికో అంతా మరకలు, రబ్బర్లు ఉబ్బాయి, దుమ్ము అంటుకుని ముద్దయింది. మళ్ళీ ఆ జోలికి పోలేదు.

కుడి పక్క పని కూడా నూటికి నూరు కాదు, దాచను. వెనక చక్రం ఆర్చి అంచున రెండు రేకులు మడిచిన చోట 2023లో సన్నగా తుప్పు గీత కనిపించింది. అక్కడ ప్రైమర్ పడకుండానే సీలెంట్ పెట్టినట్టున్నాం, దాని కిందికి నీళ్ళు పాకాయి. ఇంకోటి, కుడి ముందు మడ్‌గార్డ్ బాగుచేయడం కంటే కొత్తది నయమని బొంబాయి నుంచి తెప్పించాను. పాతదానికంటే పల్చన, హెడ్‌లైట్ కన్నం దగ్గర రెండు మిల్లీమీటర్లు తేడా, సర్దడానికే ఒక రోజు పట్టింది. దాని మీద వచ్చిన నల్లటి పూత రవాణాలో తుప్పు పట్టకుండా వేసేది మాత్రమే, దాని మీదే రంగు కొట్టేయబోతే మేస్త్రి ఆపి మొత్తం గీకించాడు. ఆ మాట విన్నందుకు అది ఇప్పటికీ బాగుంది. 2023 అక్టోబరులో బొంబాయిలో ఆఖరి పద్మినీ టాక్సీకి గడువు తీరిపోయిందన్న వార్త చదివిన రోజు మనసు బాగోలేదు, మర్నాడే ఎడమ మడ్‌గార్డ్ కూడా ఆర్డర్ పెట్టేశాను.

ఇప్పుడు పాటిస్తున్నవి కొన్నే. సముద్రం పక్కన భీమిలి రోడ్డులో వెళ్ళొస్తే ఆ సాయంత్రమే కింద వైపు మంచినీళ్ళతో కడుగుతాను, అడుగున కన్నాలు సైకిల్ పుల్లతో పొడుస్తాను, ప్లాస్టిక్ కవర్ తీసేసి నూలు గుడ్డ కవర్ వేశాను, వాన రోజుల్లో అదీ తీసేస్తాను. మీ దగ్గర డబ్బు తక్కువుంటే పెయింటు మానుకోండి, సిల్స్ కోయించి ఎపాక్సీ కొట్టించి అలా బూడిద రంగులోనే ఏడాది తిరగండి. మా కారు ఎడమ పక్క ఎనిమిది నెలలు అలాగే తిరిగింది.

మొన్న ఆదివారం మేస్త్రి ఇంటికే వచ్చి ఆర్చి అంచు చూశాడు. కళ్ళు మునుపటిలా ఆనడం లేదని వెల్డింగ్ ఇప్పుడు కొడుకు చేత చేయిస్తున్నాడు, తను పక్కన కూర్చుని చుక్క చుక్కకీ చెప్తాడట. వానలు మొదలయ్యే లోపు, మే నెలలో, అర అడుగు రేకు కోసి మార్చాలన్నాడు. కారు ఎప్పుడు తెమ్మంటారని అడిగితే, ముందు ఎపాక్సీ తెచ్చి పెట్టమన్నాడు.