కారు లేని స్టూడెంటుకి ఏ స్కీ పాస్? ఐకాన్ బేస్ మీద నా మాట

ముందే చెప్పేస్తాను. స్కీ పాస్ అంటే మంచుకొండ రిసార్టుల్లో కాళ్ళకి స్కీలు బిగించుకుని జారడానికి, కొండ పైకి తీసుకెళ్ళే లిఫ్ట్ ఎక్కనిచ్చే కార్డు. ఎపిక్, ఐకాన్ అని రెండు కంపెనీల పాసులున్నాయి. ఐకాన్‌లో ఫుల్ ఖరీదైనది, బేస్ దానికంటే చవక. సాల్ట్ లేక్ సిటీలో చదువుకుంటూ, కారు లేకుండా, అసిస్టెంట్‌షిప్ డబ్బుతో నెట్టుకొచ్చేవాళ్ళకి ఐకాన్ బేస్ పాస్ చాలు. ఎపిక్ వద్దు, ఫుల్ ఐకాన్ అసలే వద్దు. మొదటి ఏడాది అయితే ఈ మూడూ వద్దు.

సెలవులకి బరంపురం వచ్చిన దగ్గర్నుంచి ఇదే గోల. ఇచ్ఛాపురంలో మా పిన్ని కొడుకు ఆగస్టులో మా యూనివర్సిటీకే వస్తున్నాడు. వీసాకి యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 కాగితం చేతికొచ్చిందో లేదో, "అక్కా, స్కీ పాస్ ఏది కొనమంటావ్?" అని మొదలెట్టాడు. పిన్ని ఫోన్ లాక్కుని "ఏటే, అక్కడ చదువుతారా, మంచు మీద జారతారా?" అంది. వాడితోపాటు పర్లాకిమిడి నుంచి, రాయగడ నుంచి కూడా కుర్రాళ్ళు వస్తున్నారట. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు, అందుకే ఇది.

ఇంట్లో మాత్రం నాన్నకి వెంటనే అర్థమైంది. ఆయన ఛత్రపూర్‌లో ఉద్యోగానికి ఏళ్ళ తరబడి రైల్వే సీజన్ టికెట్ మీద తిరిగిన మనిషి. "ఏ రోజుకారోజు కొంటే ఎంత, నువ్వు ఎన్నిసార్లు వెళ్తావు?" ఈ రెండే అడిగారు. నిజానికి అడగాల్సినవీ అవే. వెయిల్ లాంటి పెద్ద రిసార్టులో రద్దీ రోజున కౌంటర్లో ఒక్కరోజు టికెట్ 300 డాలర్లు దాటిపోయింది. అదే 2025-26 సీజన్ పాసులు మార్చిలో అమ్మకానికి పెట్టినప్పుడు ఐకాన్ బేస్ 909 డాలర్లు, ఫుల్ ఐకాన్ 1,329, ఎపిక్‌లో చవకదైన ఎపిక్ లోకల్ 783, ఫుల్ ఎపిక్ 1,051. డాలరు 85 రూపాయలు వేసుకున్నా ఐకాన్ బేస్ 77 వేలు పైమాటే. అమ్మ అక్కడే ఆగిపోయింది. "జారి పడ్డానికి డెబ్బై ఏడు వేలా? చలి కావాలంటే దారింగ్‌బాడి పొండి!"

దారింగ్‌బాడిలో చలికాలం తెల్లారుజామున గడ్డి మీద పేరుకునే తెల్లటి పొర చూడ్డానికి మా ఊరి నుంచి బళ్ళు మాట్లాడుకుని మరీ వెళ్తారు. నేనూ వెళ్ళాను, బాగుంటుంది. కానీ సాల్ట్ లేక్ పక్కనున్న ఆల్టాలో 2022-23 సీజన్ మొత్తం మీద 903 అంగుళాల మంచు పడింది. అంటే దాదాపు 23 మీటర్లు. నాన్న కాగితం మీద రెండుసార్లు లెక్క వేసుకుని గానీ ఒప్పుకోలేదు.

ఇక పాసుల సంగతి. ఎపిక్ వెయిల్ రిసార్ట్స్ కంపెనీది, 2008 నుంచి ఉంది. ఐకాన్ ఆల్టెరా వాళ్ళది, 2018-19 సీజన్‌తో మొదలైంది. రెండింటి మ్యాపులూ చూస్తే కళ్ళు తిరుగుతాయి. అమెరికా, కెనడా, జపాన్, యూరప్, ఎక్కడ చూసినా చుక్కలే. కారు లేనివాడికి ఆ చుక్కలన్నీ గోడకి అంటించుకోవడానికే. సాల్ట్ లేక్ ఉన్న యుటా రాష్ట్రంలో ఎపిక్‌కి ఉన్నది పార్క్ సిటీ ఒక్కటే. చాలా పెద్ద రిసార్టే, కాదనను. కానీ కొండకి అవతలి వైపు. అదే సాల్ట్ లేక్ లోయకి ఆనుకున్న రెండు కాటన్‌వుడ్ కనుమల్లో నాలుగు రిసార్టులున్నాయి: సాలిట్యూడ్, బ్రైటన్, స్నోబర్డ్, ఆల్టా. నాలుగూ ఫుల్ ఐకాన్‌లో ఉన్నవే, బేస్‌లో మూడు. ఊళ్ళోంచి చలికాలం అంతా వాటికి స్కీ బస్సులు నడుస్తాయి. మాకు యూనివర్సిటీ కార్డే బస్సు పాస్.

నా ఓటు 972 నంబరు బస్సుకి. అది బిగ్ కాటన్‌వుడ్ కనుమలోకి వెళ్తుంది, ఒకే బస్సు సాలిట్యూడ్‌లోనూ బ్రైటన్‌లోనూ ఆగుతుంది. శనివారం పొద్దున్న ఎక్కితే సీటు ఆశ వదులుకోవాలి. ఒక చేత్తో కడ్డీ, ఇంకో చేత్తో స్కీలు పట్టుకుని, మెడలో బూట్లు వేలాడేసుకుని నిలబడతాం. ఎవరైనా తిరిగితే స్కీ కొస మన చెవికి తగులుతుంది. మలుపులు మన తప్తపాణి ఘాట్ రోడ్డులాగే ఉంటాయి, కడుపు నిండా తిని ఎక్కకండి. లిటిల్ కాటన్‌వుడ్‌లో ఉన్న స్నోబర్డ్, ఆల్టాలకి వేరే బస్సు. అక్కడ మంచు గొప్పగా పడుతుంది, కానీ అంత మంచు పడ్డ రోజే అది కొండచరియల్లా విరిగిపడుతుందనే భయంతో రోడ్డు మూసేస్తుంటారు. ఇంకో మాట, మన మహేంద్రగిరి ఎత్తు 1,500 మీటర్లు. ఆల్టాలో బస్సు దిగే చోటే 2,600 మీటర్లు. మొదటి గంట మెట్లెక్కినా ఆయాసమొస్తుంది, కంగారు పడకండి.

బేస్ పాస్‌లో ఆల్టా ఉండదు. స్నోబర్డ్, బ్రైటన్ అయిదేసి రోజులు. సాలిట్యూడ్‌కి ఎన్నిసార్లయినా పోవచ్చు, అయితే కొన్ని రోజులు నిషేధం. ఈ నిషేధం రోజుల దగ్గరే మనవాళ్ళకి దెబ్బ. క్రిస్మస్ తర్వాతి వారం, జనవరిలో మార్టిన్ లూథర్ కింగ్ వారాంతం, ఫిబ్రవరిలో ప్రెసిడెంట్స్ డే వారాంతం బేస్ పాస్ చాలాచోట్ల పనిచేయదు. అమెరికా పిల్లలు క్రిస్మస్‌కి ఇళ్ళకి పోతారు, వాళ్ళకి నష్టం లేదు. మనం టికెట్ డబ్బులు లేక ఖాళీ క్యాంపస్‌లో పప్పు వండుకుంటూ ఉంటాం, సరిగ్గా అప్పుడే పాస్ మూత. అయినా ఆ కొన్ని రోజుల కోసం ఇంకో 420 డాలర్లు పోసి ఫుల్ ఐకాన్ కొనడం నా దృష్టిలో దండగ. పరీక్షలు డిసెంబరు మధ్యలో అయిపోతాయి. అప్పటి నుంచి క్రిస్మస్ దాకా కొండ మనదే.

వయసు సంగతి చాలామంది చూసుకోరు. ఐకాన్‌లో 13 నుంచి 22 ఏళ్ళ వాళ్ళకి ధర తక్కువ, 23 నిండితే పెద్దవాళ్ళ ధరే. బీటెక్ అయ్యి నేరుగా వచ్చేవాడు సరిగ్గా ఆ గీత మీద ఉంటాడు. మా తమ్ముడిని బడిలో వేసేటప్పుడు మాస్టారు ఏడాది తగ్గించి రాశారు, పాస్‌పోర్టులో కూడా అదే. ఇన్నేళ్ళకి ఆ మాస్టారి చలవ ఇలా పనికొస్తోంది. విడిగా కాలేజీ పాసులు కూడా ఉంటాయి. ఆల్టా, స్నోబర్డ్ సొంతంగా అమ్ముతాయి, క్రెడిట్లు చదువుతున్నట్టు రుజువు చూపించాలి. ఒక్క కొండతో తృప్తిపడేవాళ్ళు వాటి ధర కూడా చూడండి.

"రిసార్టులో పార్ట్‌టైం చేరు, పాస్ ఫ్రీ" అని క్లాసులో ఎవడో ఒకడు తప్పకుండా చెప్తాడు. వాడికి చెల్లుతుంది, మనకి చెల్లదు. మన ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద క్యాంపస్ లోపల సెమిస్టర్‌లో వారానికి 20 గంటల పనే, బయట లిఫ్ట్ దగ్గర నిలబడే ఉద్యోగం కుదరదు. పాస్ కోసం వీసా మీదికి తెచ్చుకోకండి. అలాగే "ఇద్దరం కలిసి ఒకటి కొని మార్చి మార్చి వాడుకుందాం" అనే మన రూమ్మేట్ల తెలివి కూడా పనిచేయదు. పాస్‌కి ఫోటో ఉంటుంది. గేటు దగ్గర కార్డు చదవగానే అక్కడి మనిషి స్క్రీన్ మీద మన మొహం కనబడుతుంది. కార్డు తీసి చూపించక్కర్లేదు, జాకెట్ ఎడమ జేబులో ఉంటే గేటే చదువుకుంటుంది. ఆ జేబులో ఫోన్ పెట్టకండి, పెడితే గేటు తెరుచుకోదు, వెనక లైనంతా మనల్నే చూస్తుంది.

పాసులు వసంతంలో చవక, తర్వాత మెట్లుమెట్లుగా పెరుగుతాయి, డిసెంబరు దాకా అమ్ముతారు. అలాగని ఇక్కడ ఇంట్లో కూర్చుని ఇప్పుడే కొనేయకండి. మామూలుగా డబ్బు వెనక్కివ్వరు. వీసా స్టాంపింగ్ కాకుండా పాస్ కొనడమంటే ముహూర్తం పెట్టకుండా పందిరి వేయడమే.

మొదటి ఏడాది వాళ్ళకి నా సలహా ఐకాన్ సెషన్ పాస్. రెండు, మూడు, నాలుగు రోజులవి దొరుకుతాయి. ఎందుకంటే పాస్ ఖర్చు సగమే. స్కీలు, బూట్లు, హెల్మెట్, పాఠం అన్నీ వేరే. పాఠానికి డబ్బులు పెట్టండి, పిసినారితనం వద్దు. అయిదేళ్ళ పిల్లలు కర్రలు కూడా లేకుండా మన పక్కనుంచి బాణాల్లా దూసుకుపోతుంటే, మనం మోకాళ్ళు వంచి రెండు స్కీల ముందు కొసల్నీ దగ్గరకి తెచ్చి ఆపడం నేర్చుకుంటూ ఉంటాం. ఆ ఆపడం వచ్చేదాకా సాలిట్యూడ్‌లో మూన్‌బీమ్ లిఫ్ట్ దాటి వెళ్ళకండి. ఆకుపచ్చ గుండ్రం ఉన్న దారులే మనవి, కష్టమైన దారులకి పెట్టే నల్ల డైమండ్ బోర్డు దగ్గర సెల్ఫీ దిగి వచ్చేయడమే.

బూట్ల గురించి మాత్రం జాగ్రత్త. ఊళ్ళో ఒక అద్దె షాపులో, పేరు ఎందుకులెండి, రద్దీలో నాకు ఒక సైజు పెద్దవి అంటగట్టారు. స్కీ బూటు సైజు సెంటీమీటర్లలో ఉంటుంది, మన చెప్పుల సైజుతో సంబంధం లేదు. పెద్ద బూటులో పాదం కదిలి, ఎముకకి అంచు కొట్టుకుని, సాయంత్రానికి మోకాలి కింద ముందువైపు కమిలిపోయింది. వేలు ముందు గోడకి తగిలీతగలనట్టు ఉండాలి, ఒకే సాక్సు వేసుకోవాలి. చలికి భయపడి రెండు జతలు వేస్తే పట్టు పోతుంది.

కొలరాడోలోని డెన్వర్ వెళ్ళేవాళ్ళకి లెక్క వేరు. అక్కడ వెయిల్, బ్రెకెన్‌రిడ్జ్, కీస్టోన్ ఎపిక్‌లో ఉంటే, వింటర్ పార్క్, కాపర్ ఐకాన్‌లో ఉన్నాయి. వింటర్ పార్క్‌కి చలికాలంలో డెన్వర్ యూనియన్ స్టేషన్ నుంచి రైలు కూడా ఉంది. నాన్నకి ఆ ముక్క తెగ నచ్చింది.

తమ్ముడు సెషన్ పాస్‌కే ఒప్పుకున్నాడు, వీసా వచ్చాక కొంటాడట. కానీ నిన్న రాత్రి కొత్తగా "నేను స్కీ కాదక్కా, స్నోబోర్డ్ నేర్చుకుంటాను" అన్నాడు. స్నోబోర్డ్ అంటే రెండు కాళ్ళూ ఒకే పలక మీద బిగించుకుని జారడం. ఆల్టాలో దాన్ని ఎక్కనివ్వరు, పార్క్ సిటీ పక్కనున్న డీర్ వ్యాలీ రిసార్టులోనూ అంతే. బోర్డు మీదికి మనసు పోయినవాళ్ళు ఆల్టా కాలేజీ పాస్ సంగతి మర్చిపోయి నేరుగా బ్రైటన్ చూసుకోండి. అక్కడ రాత్రిపూట లైట్లు వేసి నడుపుతారు, ల్యాబ్ అయ్యాక కూడా పోవచ్చు.