రైట్ క్లిక్ వదలనివాళ్ల కోసం బ్లెండర్ 2.8: ఏళ్ల వాడకం తర్వాత

2.79 వెర్షన్ వరకు బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో దేన్నయినా సెలెక్ట్ చేయాలంటే రైట్ క్లిక్ చేయాలి. లెఫ్ట్ క్లిక్ చేస్తే సెలెక్ట్ కాదు, కొత్త వస్తువు ఎక్కడ రావాలో చూపే 3డీ కర్సర్ పోయి అక్కడ కూర్చుంటుంది. మాయా, 3డీఎస్ మ్యాక్స్ లాంటి వేరే 3డీ సాఫ్ట్‌వేర్లు అలవాటున్నవాళ్లు బ్లెండర్ తెరిచి, నాలుగు క్లిక్కులు కొట్టి, ఏమీ అర్థంకాక మూసేసేవాళ్లు. మోడలింగ్ మీద బతికే మాలాంటి పాతవాళ్లకు మాత్రం అదే హాయి. 2019 జూలైలో వచ్చిన 2.80 ఆ డిఫాల్ట్‌ను తిరగేసింది. లెఫ్ట్ క్లిక్‌తో సెలెక్షన్, నల్లటి థీమ్, పైన వర్క్‌స్పేస్ ట్యాబ్‌లు, ఎడమవైపు ఐకాన్లు. అప్పటి నుంచి దాని తర్వాతి వెర్షన్లన్నిటిలో రోజూ పనిచేస్తున్నాను కాబట్టి, పాత అలవాటున్న చేతికి ఈ మార్పు ఎలా పడిందో చెప్పగలను.

ముందు ఒక మాట. పాత యూజర్లు మారనంటే దాన్ని మొండితనం కింద కొట్టిపారేస్తారు. అది అన్యాయం. ఒక ఎడ్జ్ లూప్‌ను (మోడల్ మీద వరసగా తిరిగే అంచుల గొలుసు) కొంచెం పక్కకు జరపాలనుకోండి. ఆల్ట్ పట్టుకుని రైట్ క్లిక్, ‘జి’ రెండుసార్లు, మౌస్ కాస్త కదిపి లెఫ్ట్ క్లిక్. అయిపోయింది. ఎంచుకునేది కుడి బటన్, ఖాయం చేసేది ఎడమ బటన్. ఖాయం చేసేటప్పుడు తొందరలో ఒక క్లిక్ ఎక్కువ పడినా మహా అయితే 3డీ కర్సర్ కదులుతుంది, సెలెక్షన్ చెదరదు. రెండు పనులూ ఒకే బటన్ మీదకు వస్తే ఆ భద్రత పోతుంది. ఒక క్యారెక్టర్ ముఖం చేసేటప్పుడు ఈ పని రోజంతా చేస్తూనే ఉంటాం. అంత వేగం ఏళ్లు పెట్టి సంపాదించుకున్నది. దాన్ని వదులుకోమంటే ఎవరైనా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు.

2.80ని చేసినవాళ్లు ఈ సంగతి అర్థం చేసుకున్నారని నేను నమ్మడానికి కారణం వాళ్లు మార్చినవి కాదు, ముట్టుకోనివి. జరపడానికి ‘జి’, తిప్పడానికి ‘ఆర్’, సైజుకు ‘ఎస్’. వాటి తర్వాత ఎక్స్, వై, జెడ్ కొడితే ఆ దిక్కుకే కట్టుబడటం. ఆకారాన్ని దిద్దే ఎడిట్ మోడ్‌కు ట్యాబ్, ఆకారంలో ఒక భాగాన్ని బయటికి లాగే ఎక్స్‌ట్రూడ్‌కు ‘ఇ’, కొత్త ఎడ్జ్ లూప్ చేర్చే లూప్ కట్‌కు కంట్రోల్ ఆర్. ఇవన్నీ ఎక్కడివి అక్కడే ఉన్నాయి. కంటికి కనిపించేది మొత్తం మారినా ఎడమ చేతికి మాత్రం పాత ఇల్లే.

లేయర్ల విషయంలో ఈ జాగ్రత్త ఇంకా బాగా కనిపిస్తుంది. పాత బ్లెండర్‌లో వస్తువులను గుంపులుగా సర్దుకోవడానికి 20 లేయర్లు ఉండేవి, పేర్లు లేని చిన్న చిన్న గళ్లు. ఏ గడిలో ఏముందో ఫైల్ చేసినవాడికే తెలియాలి. ఇంకొకరి ఫైల్ తెరిస్తే లైట్లు ఎక్కడున్నాయో వెతుక్కోవడమే పెద్ద పని. 2.80లో వాటి స్థానంలో కలెక్షన్లు వచ్చాయి. పేరు పెట్టుకోవచ్చు, ఒకదానిలో ఒకటి పెట్టుకోవచ్చు. లోపలి నిర్మాణం పూర్తిగా వేరు. అయినా వస్తువును లేయర్‌కు పంపడానికి నొక్కే ‘ఎం’ కీయే ఇప్పుడు కలెక్షన్‌కు పంపుతుంది. లేయర్లను చూపించిన అంకెల కీలే ఆబ్జెక్ట్ మోడ్‌లో కలెక్షన్లను చూపిస్తాయి. పాత ఫైల్ తెరిస్తే లేయర్లు వాటంతట అవే కలెక్షన్లుగా మారిపోయి ఉంటాయి. ఇది చూశాకే నాకు టెన్షన్ తగ్గింది.

మొదటిసారి తెరిచినప్పుడు వచ్చే చిన్న పెట్టె కూడా నాకు చాలా నచ్చింది. సెలెక్షన్ ఎడమా కుడా, స్పేస్‌బార్ నొక్కితే ప్లే అవ్వాలా, టూల్స్ రావాలా, సెర్చ్ రావాలా అని అక్కడే అడుగుతుంది. ప్రిఫరెన్సుల్లో ఎక్కడో మూలన దాచిపెట్టలేదు. అసలేమీ మారడం ఇష్టంలేనివాళ్లకు పాత 2.7 కీమ్యాప్ (ఏ కీ ఏ పని చేయాలో చెప్పే జాబితా) ఉంది, మాయా లాంటివాటి నుంచి వచ్చేవాళ్లకు ఇండస్ట్రీ కంపాటిబుల్ కీమ్యాప్ ఉంది. ఈ వెసులుబాటు వెనక చాలామంది మర్చిపోయిన ఒక పాత కష్టం ఉంది. 2.4 కాలంలో షార్ట్‌కట్లు కోడ్‌లోనే బిగించి ఉండేవి, మనం మార్చుకోవడం కుదిరేది కాదు. 2011లో స్థిరపడిన 2.5 సిరీస్ లోపలి యంత్రాంగాన్ని తిరగరాసి, ఏ కీ ఏ పని చేయాలో విడిగా పెట్టుకునేలా చేసింది. అప్పట్లో దాన్ని కూడా చాలామంది తిట్టుకున్నారు. ఆ పని జరగకపోయి ఉంటే 2.80 మాకు పాత దారి తెరిచి ఉంచగలిగేదే కాదు.

ఇక ఇబ్బందులు. నన్ను ఎక్కువ విసిగించింది రైట్ క్లిక్ కాదు, ‘ఎ’ కీ. పాతదానిలో ఒకసారి నొక్కితే అన్నీ సెలెక్ట్, మళ్లీ నొక్కితే అన్నీ డీసెలెక్ట్. కొత్తదానిలో ‘ఎ’ ఎప్పుడూ సెలెక్టే చేస్తుంది, డీసెలెక్ట్‌కు ఆల్ట్ ఎ, లేదా వెంటవెంటనే రెండుసార్లు ‘ఎ’. తర్కం ప్రకారం కొత్తదే సరైనది, ఎందుకంటే ముందేం సెలెక్ట్ అయి ఉందో చూసుకోనక్కర్లేదు. కానీ వేలు తర్కం వినదు. పాత తీరు కావాలంటే కీమ్యాప్ ప్రిఫరెన్సుల్లో ఒక టిక్కు పెడితే చాలు. అది కూడా ఆ మొదటి పెట్టెలోనే ఉండాల్సింది.

అసలు దెబ్బ మాత్రం మోడల్‌ను చివరి చిత్రంగా మార్చే పాత భాగాన్ని, అంటే బ్లెండర్ ఇంటర్నల్ రెండరర్‌ను తీసేయడం. దానితో చేసిన మెటీరియల్స్ కొత్త వెర్షన్‌లోకి రావు. మెష్ (వస్తువు ఆకారం) వస్తుంది, రంగులూ మెరుపులూ మళ్లీ మొదటినుంచి కట్టుకోవాలి. స్క్రిప్టులు బ్లెండర్‌తో మాట్లాడే పైథాన్ ఏపీఐ మారడంతో పాత యాడ్-ఆన్‌లు (అదనంగా చేర్చుకునే టూల్స్) కూడా నడవలేదు. మ్యాట్రిక్స్‌ల గుణకారం గుర్తు దగ్గర్నుంచి మారింది కాబట్టి, రాసినవాళ్లు పట్టించుకోనివి అక్కడే ఆగిపోయాయి. గ్రాఫిక్స్ కార్డుతో పని చేయించే ఓపెన్‌జీఎల్ 3.3 ఉంటేగానీ 2.80 నడవదు కనుక పాత గ్రాఫిక్స్ కార్డులున్న సిస్టమ్‌లు 2.79 దగ్గరే మిగిలాయి. వీటిలో ఏదీ కీమ్యాప్‌తో తీరే సమస్య కాదు.

మరి ఇంత నష్టం ఉన్నా జనం ఎందుకు వచ్చారంటే, నా లెక్కలో 2.80తో వచ్చిన ఈవీ అనే కొత్త రెండరర్ వల్ల. లైట్ జరిపితే నీడ అక్కడికక్కడే, మనం పనిచేసే వ్యూపోర్ట్ కిటికీలోనే జరగడం ఒకసారి చూశాక, పాతదానిలో రెండర్ కొట్టి ఎదురుచూడటం ఎవరికీ మనసు ఒప్పలేదు. మెనూలు అందంగా సర్దారని పని మానుకుని నేర్చుకునేవాళ్లను నేను చూడలేదు. ఇదివరకు చేయలేని పని ఒకటి చేతికి వస్తుందంటే మాత్రం ఆ కొత్త మెనూలను కూడా నేర్చుకుంటారు. పాత సాఫ్ట్‌వేర్‌కు కొత్త రూపం ఇవ్వాలనుకునేవాళ్లు ఈ వరసను గమనించాలని నా కోరిక.

నేను ఇప్పటికీ రైట్ క్లిక్‌తోనే సెలెక్ట్ చేస్తాను, మిగతా అంతా కొత్త కీమ్యాప్. దీనికి చెల్లించాల్సింది కొంత ఉంది. ట్యుటోరియల్స్‌లో రైట్ క్లిక్ మెనూ అన్నప్పుడల్లా నేను ‘డబ్ల్యూ’ నొక్కాలి. కొత్తగా చేరిన పిల్లలు నా సిస్టమ్ దగ్గర కూర్చుంటే “అన్నా, ఇది సెలెక్ట్ కావట్లేదేంటి?” అని అడుగుతారు. వాళ్లకు లెఫ్ట్ క్లిక్కే నేర్పిస్తాను. మొదలుపెట్టేవాళ్లకు అదే సులువు, ఇందులో నాకు అనుమానం లేదు.

ఇంకా 2.79లో పాత ప్రాజెక్టులు ఉన్నవాళ్లకు ఒక్క విషయం. దాని జిప్ ఫోల్డర్‌ను తీసేయకండి. రెండు వెర్షన్లూ ఒకే సిస్టమ్‌లో పక్కపక్కన నడుస్తాయి, వాటి సెట్టింగులు వేరువేరు ఫోల్డర్లలో ఉంటాయి. డెడ్‌లైన్ ఉన్న పనిని పాతదానిలోనే ముగించి, కొత్త పనిని కొత్తదానిలో మొదలుపెట్టండి. పాత ఫైల్‌ను కొత్తదానిలో తెరిస్తే వేరే పేరుతో సేవ్ చేయండి. ఒకసారి కొత్తదానిలో సేవ్ అయిన ఫైల్ 2.79లో మళ్లీ సరిగ్గా తెరుచుకుంటుందని నమ్మకం పెట్టుకోలేం.